పరామర్శకి వచ్చినవాళ్లు

గునపం మళ్లీ రాయికి తగిలి ఖంగుమంది. మా వాచ్‌మన్ ఆగి, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఈ కొండోరం నేలంతా ఇంతేనమ్మా. పైన జానెడు మట్టి, కిందంతా రాయే. అయినా తవ్వీస్తాను, మీరు కూకోండి" అన్నాడు.

నేను కూర్చోలేదు. అపార్ట్‌మెంటు వెనక, కాంపౌండు గోడకీ కానుగ చెట్టుకీ మధ్య ఇంత ఖాళీ జాగా ఉంది. గోడకి అవతల తుప్పలు, వాటి అవతల కంబాలకొండ. అల్పపీడనం తేలిపోయి ఆకాశం తెల్లబడుతోంది గానీ మట్టి ఇంకా నీళ్లోడుతూనే ఉంది. హైవే మీద శ్రీకాకుళం వైపు పోయే లారీల చప్పుడు ఇక్కడిదాకా వస్తోంది. నా కాళ్ల దగ్గర, మా బాబు కప్పుకునే దుప్పట్లో చుట్టి, భీమ్ ఉన్నాడు. దుప్పటి అంచులోంచి ఒక చెవి బయటికి వచ్చింది. మావారు వంగి ఆ చెవిని లోపలికి సర్దారు. రాత్రి సి షిఫ్టు నుంచి నేరుగా వచ్చారాయన. కాళ్లకి స్టీల్‌ప్లాంటు బూట్లు ఇంకా అలాగే ఉన్నాయి.

మెట్ల వైపు నుంచి అడుగుల చప్పుడు. అసోసియేషన్ సెక్రటరీగారు. లిఫ్టులో కుక్కని ఎక్కించొద్దని నోటీసు అంటించింది ఆయనే. ఆయన్ని చూడగానే, ఇక్కడ పాతిపెట్టడానికి వీల్లేదంటారేమోనని నా గుండె జారింది. ఆయన చేతిలో రెండు రాళ్లుప్పు ప్యాకెట్లున్నాయి. "కింద కొంత, పైన కొంత వెయ్యాలి. లేకపోతే వేరే కుక్కలు తవ్వుతాయి" అన్నారు మా మొహాలు చూడకుండా. ప్యాకెట్లు గట్టు మీద పెట్టి, చెప్పులు విడిచి, గోతిలోంచి పైకొచ్చిన రాళ్లని ఒక్కొక్కటే తీసి పక్కన పేర్చడం మొదలుపెట్టారు.

భీమ్ ఏ జాతీ కాదు. కార్‌షెడ్ జంక్షన్‌లో టిఫిన్ బండి కింద దొరికిన ఊరకుక్క పిల్ల. గోధుమరంగు ఒళ్లు, తెల్లటి ముందుకాళ్లు. ఛోటా భీమ్ కార్టూన్ పిచ్చిలో ఉన్న మా బాబు పెట్టిన పేరది. లడ్డూ తింటే బలమొస్తుందని వాడు నమ్మాడు గనక, సింహాచలం ప్రసాదం ఇంటికొచ్చినప్పుడల్లా అందులో ఒక ముక్క భీమ్‌కి పోయేది. పీఎంపాలెం స్టేడియంలో రాత్రి మ్యాచ్ ఉంటే ఇద్దరూ డాబా మీదే. ఫ్లడ్‌లైట్ల వెలుతురు ఆకాశం మీద పడేది. జనం అరుపు గాలిలో తేలి వస్తే వీడు "ఫోరా, సిక్సా?" అని దాన్ని అడిగేవాడు. అది మొరిగితే సిక్సు.

రెండో తరగతిలో ఉండగా వాడి కాళ్ల మీద సూది గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు వచ్చాయి. దోమలనుకున్నాం. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయాయని తేలింది. ఆ తరవాత ఆ జబ్బు పేరు తెలిసింది. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. పిల్లలకొచ్చే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. సరైన వైద్యం అందితే ఎక్కువమంది పిల్లలు బయటపడతారు. ఇది నిజం. ఇది చదువుతున్న ఏ తల్లికైనా ఇదే రిపోర్టు చేతికొచ్చి ఉంటే ఆ మాట గట్టిగా పట్టుకోవాలి. మా వాడు ఆ ఎక్కువమందిలో లేడు, అంతే.

విశాఖకి ఈ చివర, మేముండేది, మధురవాడ. ఆ చివర అగనంపూడి. టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉండేది అక్కడే. ఎండాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, గురుద్వారా, తాటిచెట్లపాలెం, ఎన్‌ఏడీ, షీలానగర్, గాజువాక, కూర్మన్నపాలెం. ఈ పేర్లన్నీ నాకు పిల్లాడి తల నా ఒళ్లో ఉన్న బరువుతోనే గుర్తున్నాయి. స్టెరాయిడ్లు మొదలైన నెలలో వాడికి అర్ధరాత్రి రెండింటికి ఆకలేసేది. మొహం గుండ్రంగా ఉబ్బి, "అమ్మా, పెసరట్టు" అని ఏడిచేవాడు. బయట తిండి పెట్టకూడదు, అప్పటికప్పుడు వండిందే పెట్టాలి. ఒకరాత్రి మా మిక్సీ కాలిపోయింది. ఎదురింటావిడ తలుపు కొడదామా వద్దా అని నేను ఆలోచించేలోపే వాళ్లింట్లో లైటు వెలిగింది. గోడకివతల పిల్లాడి ఏడుపు వినిపించి లేచిందట. పెసలు నా చేతిలోంచి తీసుకుని, రుబ్బి, గిన్నె నా గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు కనిపించినప్పుడు ఆ సంగతి ఎత్తనేలేదు.

మందులు రక్తంలోని తెల్లకణాలని తగ్గించేస్తే చిన్న సూక్ష్మజీవి కూడా పిల్లాడికి ప్రమాదమే. కుక్కని దూరంగా ఉంచమన్నారు డాక్టర్లు. నాలుగో అంతస్తులో పుట్టిపెరిగినట్టుగా తిరిగిన భీమ్‌ని కిందికి పంపేశాం. వాచ్‌మన్ తన గదిలోకి తీసుకున్నాడు. ఆ గది ఎంత? ఒక మంచం, ఒక గ్యాస్ స్టవ్వు, భార్యాభర్తలిద్దరు. సాలూరు దగ్గరి పల్లె నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లు. మేం డబ్బివ్వబోతే తీసుకోలేదు. రోజూ సాయంత్రం దాన్ని మా బాల్కనీ కిందికి తెచ్చి నిలబెట్టేవాడు. వీడు పైనుంచి మాస్కు కిందికి లాగి "భీమ్!" అని అరిచేవాడు. అది తోక ఊపుతూ గింగిరాలు తిరిగేది. వాన పడుతున్నా గొడుగేసుకుని తెచ్చేవాడు ఆ మనిషి.

ఇక ప్లేట్‌లెట్లు. ముక్కునుంచి రక్తం ఆగనప్పుడు, కౌంటు మరీ దిగిపోయినప్పుడు ఎక్కించాలి. వాటిని నెలల తరబడి దాచిపెట్టే వీలు లేదు. ఒంట్లోంచి తీశాక ఐదు రోజులే ఆయుష్షు. ఆ ఐదు రోజులూ 20 నుంచి 24 డిగ్రీల మధ్య, మెల్లగా కదులుతూ ఉండే పళ్లెంలో ఉంచాలి. అంటే ప్రతిసారీ ఎవరో ఒక మనిషి కొత్తగా వచ్చి ఇవ్వాలి. మా చుట్టాల్లో గ్రూపు కలిసినవాళ్లు ఇద్దరే. వాళ్లలో ఒకరికి షుగరు. మావారి ప్లాంటులో ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. అది ఎక్కడెక్కడ తిరిగిందో, ఒకరాత్రి మధురవాడ ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాడొకడు హెల్మెట్ చేత్తో పట్టుకుని రక్తనిధి వరండాలో నిలబడ్డాడు. "అక్కా, ఓ పాజిటివ్ అన్నారు, నేనే" అన్నాడు.

వాడి పక్కన కూర్చుని చూశాను. ఒక చేతిలోంచి రక్తం ట్యూబులో పైకి వెళ్తుంది. మెషీను తిరుగుతూ ప్లేట్‌లెట్లని విడదీస్తుంది. మిగిలిన రక్తం మళ్లీ మనిషిలోకే వచ్చేస్తుంది. అలా గంట, గంటన్నర. మధ్యలో వాడు పెదాలు చప్పరించాడు. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల మూతి చుట్టూ తిమ్మిరెక్కుతుందని, భయం లేదని చెప్పి సిస్టరు క్యాల్షియం మాత్ర ఇచ్చింది. పైన వేలాడే సంచిలో లేత పసుపు రంగు ద్రవం కొంచెం కొంచెంగా నిండింది. చేతికి దూది అంటించుకుని లేచి, "బాబు ఏ టీమ్ అక్కా?" అని అడిగాడు. సన్‌రైజర్స్ అన్నాను. "అయ్యో, మనకి కష్టాలే" అని నవ్వాడు. ఆ తరవాత కబురుపెట్టినప్పుడల్లా వచ్చాడు. ఒక్కోసారి కబురు పెట్టకముందే ఫోన్ చేశాడు.

ఎన్‌ఏడీ దాటి వస్తున్నప్పుడల్లా గోపాలపట్నం దారి చూస్తాను. 2020 మే 7 తెల్లవారుజామున, లాక్‌డౌన్‌లో ఊరంతా తలుపులేసుకుని పడుకున్న వేళ, అటే ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. ప్రభుత్వ లెక్కల్లో పన్నెండుమంది పోయారు. వాళ్లలో చిన్నపిల్లలున్నారు. కట్టుగొయ్యల దగ్గర ఆవులు, వీధుల్లో కుక్కలు, చెట్ల కింద పక్షులు అలాగే పడిపోయాయి. ఆ ఒక్క రాత్రే పిల్లలూ పోయారు, పశువులూ పోయాయి మన ఊళ్లో. ఆ పొద్దుట టీవీలో చూసినవి నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంటాయి. స్పృహలేని పిల్లల్ని భుజాన వేసుకుని పరిగెత్తేవాళ్లు, లోపలివాళ్లు పలక్కపోతే తలుపులు బద్దలుకొట్టిన పోలీసులూ కుర్రాళ్లూ. వాళ్లకి కూడా అదే గాలి. అయినా లోపలికే వెళ్లారు. ఆ పిల్ల ఎవరి పిల్ల, ఏ కులం, ఏ ఇల్లు అని అడిగిన మనిషి ఆ దృశ్యాల్లో నాకు ఒక్కరూ కనిపించలేదు.

మా బాబు శ్రావణమాసంలో పోయాడు. ఇన్ఫెక్షన్. ఆ రాత్రి గురించి రాయను.

గజపతినగరం దగ్గర మా మావగారి ఊళ్లో, పిల్లల్ని పెట్టే చోట, వాణ్ని పెట్టి వచ్చాం. తిరిగొచ్చేసరికి మా ఇంటి గుమ్మంలో స్టీలు క్యారియర్లు వరసగా ఉన్నాయి. చావింట్లో పొయ్యి వెలిగించరని అందరికీ తెలుసు. చారు, అన్నం, పెరుగు. ఏ గిన్నె ఎవరిదో నాకు తెలియకపోయినా, అన్నీ తోమి, మళ్లీ ఏ ఇంటి గిన్నె ఆ ఇంటికి పంపింది వాచ్‌మన్ భార్య.

పరామర్శకి వచ్చినవాళ్లలో మాట్లాడినవాళ్లున్నారు. దేవుడికి ఇష్టమైనవాళ్లనే తీసుకుపోతాడన్నారు. నీకింకా వయసుందమ్మా అన్నారు. మనసులో చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. అయినా ఆ మాటలు ఒంటికి తగిలాయి. నాకు ఊపిరి ఆడించినవాళ్లు మాట్లాడనివాళ్లే. మావారితో పనిచేసే ఒకాయన గంటసేపు కుర్చీలో కూర్చుని, లేచి, మన ఆచారం ప్రకారం వెళ్లొస్తానని చెప్పకుండానే వెళ్లిపోయారు. ఆయన వెళ్లాక తెలిసింది, ఆ నెలంతా మావారి నైటు డ్యూటీలు తను మార్చుకున్నారని.

ఇంకొకటి చాలా రోజులదాకా నాకు తెలియనే లేదు. పొద్దున్న ఏడున్నరకి స్కూలు బస్సు మా గేటు ముందు రెండుసార్లు హారన్ కొట్టేది. ఒకసారి వాడికి, ఒకసారి భీమ్‌కి. వాడు పోయాక ఆ హారన్ వినిపించలేదు. బస్సు రూటు మారిందనుకున్నాను. కింద ఫ్లాటు పాప వాళ్లమ్మ ఒకరోజు చెప్పింది. డ్రైవరు వాడు పోయాక మొదటిరోజే ఆమెకి ఫోన్ చేసి, "మేడమ్, పాపని పక్క సందు మొగలోకి తెస్తారా? ఆ గేటు కాడ నాను ఆపలేను. ఆయమ్మ బాల్కనీలో ఉంటాది" అన్నాడట. ఆ పిల్ల తల్లి ఎండైనా వానైనా బ్యాగు మోసుకుంటూ సందు మొగదాకా నడుస్తోంది. ఆ డ్రైవరు మొహం నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు.

భీమ్ తిరిగి పైకి వచ్చేశాడు. బాబు మంచం కింద పడుకునేవాడు. దీపావళి టపాసులకి మూలనక్కి వణికాడు. ఆ తరవాత తిండి మానేశాడు. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో పిడుదులు. పశువుల డాక్టరు ప్రతి ఏడాది టీకాకి దీన్ని చూసినవాడే. స్టెతస్కోపు తీస్తూ, "చిన్న సార్ రాలేదేం ఈసారి?" అన్నాడు. మావారు చెప్పారు. ఆయన చెయ్యి భీమ్ వీపు మీద అలాగే ఆగిపోయింది.

రక్తం తీశారు. ల్యాబు కుర్రాడు కాగితం చదువుతున్నాడు. "ఎర్లీకియా మేడమ్, పిడుదుల వల్ల వస్తుంది. ప్లేట్‌లెట్లు బాగా..." అని నా మొహం చూసి, చదవడం ఆపి, కాగితం మడిచి డాక్టరు చేతికిచ్చాడు. మళ్లీ అదే మాట. డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడాలన్నారు, కానీ అప్పటికే బాగా ముదిరింది. రోజూ ఆసుపత్రికి మోసుకురావద్దని, మారికవలసలో ఉండే కాంపౌండరు సాయంత్రం ఇంటికి పోతూ మా ఇంట్లో ఆగేవాడు. కిటికీ ఊచకి సెలైన్ సీసా కట్టి, నేల మీద మఠం వేసుకుని, చుక్కలు పడటం చూస్తూ కూర్చునేవాడు. ఆ కిటికీకి బాబు అంటించిన స్టిక్కర్లున్నాయి. సీసా కట్టేటప్పుడు ఒక్క స్టిక్కరు కూడా ఊడకుండా దారం పక్కనుంచి తిప్పేవాడు. నేను చూశాను.

నిన్నరాత్రి, సరిగ్గా వాడి మంచం కిందే, భీమ్ వెళ్లిపోయాడు.

చుట్టాలకి ఫోన్ చేస్తే ఒకరు "పోనీలే, కుక్కేగా" అన్నారు. పిల్లాణ్ని పోగొట్టుకున్నదానికి కుక్క ఒక లెక్కా అని వాళ్ల ఉద్దేశం. వాడి చేతివాసన తెలిసిన ప్రాణం ఈ ఇంట్లో మూడోది అదేనని, వాడి పేరు పిలిస్తే తలెత్తి తలుపు వైపు చూసేది ఇక ఎవరూ లేరని నేను ఎవరికి చెప్పను?

చెప్పకుండానే తెలిసిన మనిషి ఇప్పుడు కర్ర తాటించుకుంటూ వస్తున్నారు. రెండో అంతస్తు మాస్టారు. తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పితో గుమ్మం దాటని మనిషి ఈ బురదలోకి దిగారు. గోతి పక్కన నిలబడి, కాసేపటికి, "భారతం తెలుగులో మొదలవుతూనే ఒక కుక్క కథ వస్తుందమ్మా, తెలుసా?" అన్నారు. సరమ అని దేవలోకపు ఆడకుక్క. దాని కొడుకు ఆడుకుంటూ జనమేజయుడు యజ్ఞం చేసేచోటికి వెళ్తే రాజు తమ్ముళ్లు కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. సరమ తిన్నగా చక్రవర్తి ముందుకే వచ్చి నిలదీసింది. మంచిచెడ్డలు చూడకుండా బలహీనుల్ని బాధపెట్టేవాళ్లకి అనుకోని భయాలు వచ్చిపడతాయని చెప్పి మాయమైంది. "వెయ్యేళ్లనాడు రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో కూర్చుని నన్నయగారు ఆ కుక్క తల్లి బాధని వదిలిపెట్టకుండా తెలుగు చేశారు. అంతటివాడు కుక్కేగా అనలేదు. నువ్వు ఏడువు తల్లీ."

ఏడ్చాను. శ్రావణం నుంచి అంతగా ఏడవలేదు.

గొయ్యి నడుములోతు అయింది. వాచ్‌మన్ అందులోకి దిగి, అరచేత్తో అడుగు చదును చేశాడు. సెక్రటరీగారు ఉప్పు పోశారు. మావారూ వాచ్‌మనూ దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని దించారు. నేను బాబు స్టీలు డబ్బా తెచ్చాను. అందులో ఒక లడ్డూ ఉంది. దాన్ని ముందుకాళ్ల దగ్గర పెట్టాను. మట్టి వేశాక వాచ్‌మన్ రాళ్లని చుట్టూ పేర్చి, "బాబు ఊళ్లో ఉన్నాడు. అక్కడికి మీరు రోజూ ఎల్లలేరు. ఇదైతే బాల్కనీలోంచి కనబడతాదని ఈ మూల చూశానమ్మా" అన్నాడు. నేను తల పైకెత్తాను. నిజమే. మా బాల్కనీ సరిగ్గా ఆ పైనే ఉంది. జాగా ఎక్కడైనా మెత్తగా దొరికేది. రాతి నేలైనా ఇక్కడే తవ్వాడు.

పంపు దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. ఇంజినీరింగ్ కుర్రాడు. సెమిస్టర్ పరీక్షలు, ఆ తరవాత హైదరాబాద్‌లో ఇంటర్న్‌షిప్, ఇన్నాళ్లూ ఊళ్లో లేడు. "అక్కా, వచ్చేశాను. బాబుకి ఎప్పుడు కావాలన్నా చెప్పండి" అన్నాడు హుషారుగా. వాడికి ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాను. అటువైపు చాలాసేపు ఏమీ లేదు. బండ్ల హారన్లు మాత్రం వినిపిస్తున్నాయి. కొమ్మాది జంక్షన్‌లో ఉన్నాడేమో. చివరికి గొంతు పెగుల్చుకుని, "అక్కా, ఆ వార్డులో ఇంకెవరైనా పిల్లలుంటారు కదా. వాళ్లకి కావాలేమో కనుక్కుంటారా? నేను టిఫిన్ తిని బయల్దేరతాను" అన్నాడు.

కనుక్కున్నాను. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన పాప ఉంది. కుర్రాడి గ్రూపే. తండ్రి కూలిపని మానుకుని దాతల కోసం తిరుగుతున్నాడు. కుర్రాడు బైకు మీద ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లాడు. నేను కూడా బస్సెక్కి వెళ్లాను. ఆ పాప తల్లి పక్కన కూర్చున్నాను. ఏమీ మాట్లాడలేదు. ఆమె వెంట తెచ్చుకున్న గిన్నె కడిగి పెట్టి, పాప కోసం అప్పటికప్పుడు గంజి కాచి ఇచ్చాను.

విశాఖలోనే కాదు, పిల్లల క్యాన్సర్ వార్డు ఉన్న ప్రతి ఊళ్లోనూ ఇవాళ ఎవరో ఒక తండ్రి ఇలా తిరుగుతూనే ఉంటాడు. మీకు 18 ఏళ్లు నిండి, 60 దాటకుండా ఉంటే, బరువు 50 కిలోలకి తగ్గకుండా ఉంటే, మీరు ప్లేట్‌లెట్లు ఇవ్వగలిగేవారే కావచ్చు. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్ కౌంటు అక్కడే పరీక్ష చేసి చెబుతారు. మూడు రోజుల ముందు నుంచి ఆస్పిరిన్ వేసుకోకూడదు. మామూలు రక్తదానంలా మళ్లీ ఇవ్వడానికి నెలల తరబడి ఆగక్కర్లేదు. ఇచ్చిన ప్లేట్‌లెట్లని ఒళ్లు కొద్ది రోజుల్లోనే తిరిగి తయారుచేసుకుంటుంది. మీకు దగ్గర్లోని రక్తనిధికి వెళ్లి, మీ గ్రూపు, ఫోన్ నంబరు రాసి రండి. రాత్రిపూట ఫోన్ వస్తే ఎత్తండి. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకండి.